పాత బండికి కొత్త క్రాసులు

సౌదీ రోడ్ల మీద నలభై ఏళ్లు దాటిన ల్యాండ్ క్రూయిజర్లు ఇప్పటికీ కనిపిస్తాయి. జెద్దాలో మొదలైన అబ్దుల్ లతీఫ్ జమీల్ సంస్థ 1955లో టొయోటా పంపిణీ చేపట్టింది. ఆ తర్వాత ఎడారి దారుల్లో ఒంటెకు తోడుగా నిలిచిన బండి ఇది. 1960 నుంచి 1984 దాకా వచ్చిన 40 సిరీస్ అంటే ఇక్కడివాళ్లకు మరీ ఇష్టం. రియాద్‌లో నేను నడుపుతున్నది 1978 మోడల్ ఎఫ్‌జె40. ఇలాంటిది కొనాలనుకునే తెలుగు మిత్రులు ముందుగా ఇంజన్ గురించే అడుగుతారు. అంతకంటే ముందు బండి కిందికి దూరి, ఇంజన్ బలాన్ని చక్రాలకు చేరవేసే భాగాలను చూడమంటాను.

చప్పుడు ఒకచోట, వైద్యం మరోచోట

గత చలికాలంలో మా బండి 70 కిలోమీటర్ల వేగం దాటితే అడుగు నుంచి వణికేది. రివర్స్ నుంచి మొదటి గేరుకు మారిస్తే ‘టక్‌’మనేది. ఒక వర్క్‌షాప్‌లో గేర్‌బాక్స్ మొత్తం విప్పాలన్నారు. ఎందుకైనా మంచిదని సనాయాలో ముప్పై ఏళ్లుగా పనిచేస్తున్న జగిత్యాల మెకానిక్ అన్న దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన చక్రాలకు అడ్డు పెట్టి, వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను చేత్తో అటూ ఇటూ తిప్పి చూశారు.

“గేర్‌బాక్స్ మంచిగనే ఉంది సార్, దాన్ని ముట్టుకోకుండ్రి. క్రాసులు అరిగినయ్” అన్నారు.

షాఫ్ట్ రెండు కొసల్లోని జాయింట్లలో కూడిక గుర్తులా ఉండే ఇనుప ముక్కే క్రాస్. దాని నాలుగు చేతులూ సూదుల్లాంటి సన్నని బేరింగులలో కదులుతాయి. సీలు చెడి ఇసుక లోపలికి పోతే, కాపాడాల్సిన గ్రీజే ఆకురాయిలా అరగదీస్తుంది. దీన్ని చిన్న చప్పుడే కదా అని వదిలేయకూడదు. వేగంగా వెళ్తుండగా ముందు కొస ఊడితే షాఫ్ట్ రోడ్డుకు గుచ్చుకుని బండి అదుపు తప్పవచ్చు. పిల్లలతో, ఫోన్ సిగ్నల్ అందని ఇసుకలోకి వెళ్లేవాళ్లకు ఈ సంగతి తెలిసుండాలి.

విప్పే ముందు రెండు జాగ్రత్తలు

మొదటిది: ఈ మోడల్‌లో హ్యాండ్‌బ్రేక్ వెనక చక్రాలకు ఉండదు. ట్రాన్స్‌ఫర్ కేస్ వెనక ఉన్న డ్రమ్ముకు ఉంటుంది. వెనక షాఫ్ట్ తీసేస్తే ఆ బ్రేకుకూ వెనక చక్రాలకూ సంబంధం తెగిపోతుంది. లివర్ లాగి ఉన్నా బండి దొర్లుతుంది. అందుకే చక్రాలకు రెండు వైపులా దిమ్మలు పెట్టాలి.

రెండోది: షాఫ్ట్ మధ్యలో ఒకదానిలోకి ఒకటి జారే భాగాలు ఉంటాయి. విడదీసే ముందు రెండింటి మీదా పెయింటుతో ఒక గీత గీయాలి. వంపులో తిరిగే జాయింట్ ప్రతి చుట్టులో రెండుసార్లు వేగం పెంచి, తగ్గిస్తుంది. రెండో జాయింట్ సరైన దిశలో ఉంటేనే ఆ తేడా సరిపోతుంది. గీత తప్పితే కొత్త క్రాసులు వేసినా వణుకు పోదు. జారే పళ్లు అరిగినా అంతే. మా అదృష్టం, అవి బాగున్నాయి.

క్రాసులు రెండూ ఒకేసారి మార్చాం. గ్రీజు కొట్టినప్పుడు నాలుగు మూతల నుంచీ బయటికి రావాలి. ఏ ఒక్క వైపు రాకపోయినా మళ్లీ విప్పాల్సిందే. మొత్తం ఖర్చు గేర్‌బాక్స్ పనికి చెప్పిన దాంట్లో పదో వంతు కూడా కాలేదు.

తష్లీహ్‌లో ఏం కొనాలి?

పాత బండ్లను విప్పి అమ్మే తష్లీహ్‌లలో అన్నీ దొరుకుతాయి. మెకానిక్ అన్న సూత్రం సులువు: కదలకుండా ఉండే కేసింగులు, బ్రాకెట్లు పాతవైనా ఫరవాలేదు. అరిగే క్రాసులు, బేరింగులు, సీళ్లు, క్లచ్ ప్లేట్లు కొత్తవే కొనాలి. చవకగా దొరికే నకిలీ క్రాస్ ఒక్క వేసవి కూడా నిలవదంటారాయన. 2021లో ల్యాండ్ క్రూయిజర్‌కు 70 ఏళ్లు నిండిన సందర్భంగా, 40 సిరీస్ విడిభాగాలను మళ్లీ తయారుచేస్తామని టొయోటా ప్రకటించడం మాలాంటివాళ్లకు ఊరట.

భాగాలు కొనుక్కోవచ్చు. చేత్తో తిప్పి చూసి జబ్బు చెప్పగలిగే మనిషిని మాత్రం ఏ కంపెనీ మళ్లీ తయారుచేయలేదు. వచ్చే ఏడాది ఆయన ఫైనల్ ఎగ్జిట్ మీద ఊరికి వెళ్లిపోతున్నారు. అందుకే ఇప్పుడు శుక్రవారాలు ఆయన చేసే ప్రతి పనినీ ఫోన్‌లో వీడియో తీస్తున్నాను. వివరణంతా ఆయన జగిత్యాల తెలుగులోనే. పక్కన స్పానర్లు అందించేది ఇంటర్ చదువుతున్న మా అబ్బాయి. మొన్న బండి కిందికి దూరి వాడే ముందుగా అడిగాడు: “పెదనాన్నా, చక్రాలకు దిమ్మలు పెట్టామా?”