పదుగురు పాడదగిన పాట

రేడియోలో ఇష్టమైన పాట వినవచ్చినప్పుడు దానితో గొంతు కలుపని ఇల్లుండదు. అట్టి అభిమానులు పదుగురు కూడి, తమకు నచ్చిన పాటను తామే పాడి ధ్వనిముద్రణ చేసికొనుట ఈనాడు సులభమైనది. ఒకప్పుడు స్టూడియోలో జరుగవలసిన పనిని నేడు చేతిలోని ఫోనే చేయుచున్నది. కాని పాటను ఎన్నుకొనుట మాత్రము సులభము కాలేదు.

మేము పదుగురము కూడి మొదట ఎన్నుకొన్నది ఒక పాత సినిమా పాట. అందరికిని నోటికి వచ్చినదే గదా అనుకొంటిమి. అభ్యాసము సాగినది, ముద్రణయు ముగిసినది. తిరిగి విన్నప్పుడు, మాలో పెద్దవారైన పిన్నిగారి గొంతు చరణములలో ఎక్కడను వినబడలేదు. అడుగగా, "పైస్థాయి నాకు అందదు నాయనా. మీరు పాడండి, నేను వింటాను" అనిరి. తరువాతి వారము వారు రాలేదు. పాట దక్కినది గాని మనిషి దక్కలేదు. అందరును మెచ్చిన పాట వేరు, అందరును పాడదగిన పాట వేరు అని అప్పుడు గాని మాకు తెలియలేదు.

మొదట చూడవలసినది స్థాయి. సాధారణముగా మన పురుష గాయకులు ఒకటి మొదలు రెండు వరకు గల శ్రుతులలోను, స్త్రీలు నాలుగున్నర మొదలు ఆరు వరకు గల శ్రుతులలోను పాడుచుందురు. ఒకరి శ్రుతికి మరియొకరిని లాగినచో ఎవరో ఒకరి గొంతు నలుగును. పాట నడక షడ్జము మొదలు తారషడ్జము లోపలనే ఇమిడియున్నచో, పురుషులు ఒకటవ శ్రుతిలోను, స్త్రీలు అదే శ్రుతిలో ఒక స్థాయి పైనను కలిసి పాడవచ్చును. మంద్ర పంచమము నుండి తార పంచమము వరకు సంచరించు పాటకు ఈ ఉపాయము చెల్లదు. కనుక పాట చేపట్టుటకు ముందే, దానిలోని అన్నిటికంటె క్రింది స్వరమును, అన్నిటికంటె పై స్వరమును హార్మోనియముపై గుర్తించుకొనవలెను.

రెండవది సంగతుల విషయము. ఒక గాయని ఒంటరిగా పలికించిన గమకము మనోహరముగా నుండును. దానినే పదుగురు పది విధములుగా పలికినచో మిగులునది గందరగోళము. త్యాగరాజస్వామి పంచరత్న కీర్తనలను చూడుడు. పుష్య బహుళ పంచమినాడు తిరువయ్యారులో వందల కొలది విద్వాంసులు వానిని ఒక్క గొంతుగా పాడుచుందురు. ఐదును ఆదితాళములోనివే; చరణముల స్వర సాహిత్యములు ముందుగనే నిర్ణయమై యున్నవి. ఎవరి మనోధర్మమునకును అక్కడ పని లేదు. బృందగానమునకు కావలసిన గుణమిదియే.

మూడవది వాద్యముల అండ. నిమిషమునకు 78 చుట్లు తిరుగు పాత రికార్డు ఒక్కొక్క ప్రక్కను సుమారు మూడు నిమిషములు మాత్రమే మ్రోగెడిది. ఆ కొద్ది వ్యవధిలోనే గొంతు ఆగిన చోటునెల్ల వయొలిన్లు, వేణువులు పూరించెడివి. మనవద్ద అవి లేనప్పుడు ఆ చోట్లన్నియు బోసిపోవును. కనుక పాటను ఒకసారి శ్రుతితో, చేతి తాళముతో మాత్రమే పాడి చూడవలెను. అప్పటికిని నిలిచిన పాటయే మనకు పనికివచ్చును. 1910లో గురజాడ రచించిన దేశభక్తి గీతమునకు మూడు, నాలుగు మాత్రల నడక కలదు. అక్కడ పదములే లయను నడుపును. మృదంగము లేదను కొరత తోచదు.

ఇక నిర్ణయమెట్లు? చేతులెత్తి లెక్కించినచో గట్టిగా పాడువారి ఇష్టమే నెగ్గును. మేమిప్పుడు ఒక్కొక్కరిచే ఒక్కొక్క పాటను చెప్పించి, ప్రతి పాటలోను ఒక చరణము అందరమును పాడి చూచుచున్నాము. ఎవరి గొంతు ఆగిపోయినదో వారిని ముందుగా అడుగుచున్నాము. ఒక్క పంక్తియే ఇబ్బంది పెట్టినచో దానిని ఇద్దరు ముగ్గురికి అప్పగించి, పల్లవిని అందరమును అందుకొందుము. పాటయంతయు అట్లున్నచో, ఎంత ప్రియమైనదైనను దానిని వినుటకే ఉంచుకొందుము.

ఈ పద్ధతి కుదిరిన పిమ్మట పిన్నిగారి ఇంటికి వెళ్ళి పిలిచితిమి. ఈసారి ఎన్నుకొన్నది తారస్థాయికి పోని ఒక చిన్న లలిత గీతము. ముద్రణ విన్నప్పుడు రెండవ చరణములో వారి గొంతు స్పష్టముగా వినవచ్చినది. అంతట వారు, "వచ్చే వారము ఎన్ని గంటలకు?" అని అడిగిరి.