కుడమురుట్టి యొడ్డున వరగూరు

ఈ నేల మీద మన తెలుగువారి జాడ యెక్కడనున్నదని అడుగు పిల్లలకు నేను వరగూరును చూపుదును.

తంజావూరు జిల్లాలో తిరుక్కాట్టుపళ్ళికిని తిరువయ్యారునకును నడుమ, కావేరి పాయయగు కుడమురుట్టి యొడ్డున ఉన్న చిన్న పల్లె యది. తమిళమున కుడమనగా కుండ, ఉరుట్టుట యనగా దొర్లించుట. వరదనాటి వడిని చూచి పెట్టిన పేరు కాబోలు! వేసవిలో మాత్రము ఇసుకయే. 1934లో మేట్టూరు ఆనకట్ట వెలసినది మొదలు, దాని తలుపులు తెరచినప్పుడే ఈ పాయలకు జీవము.

17వ శతాబ్దిలో ఆంధ్రదేశమునుండి వచ్చిన నారాయణతీర్థులు ఇచటనే ‘శ్రీకృష్ణలీలాతరంగిణి’ని రచించిరని చెప్పుదురు. కడుపునొప్పితో బాధపడుచు, ఒక తెల్లని వరాహము వెంట నడచి ఇచటికి చేరిరనియు, నాటినుండి భూపతిరాజపురము వరాహపురి యయ్యెననియు స్థలపురాణము. వారి సమాధి దాపుననే తిరుప్పూంతురుత్తిలో ఉన్నది. తరంగములు పండ్రెండు, భాష సంస్కృతము, తెలుగు కాదు. అయినను కూచిపూడి నర్తకులు ఇత్తడి పళ్ళెరపు అంచుపై నిలిచి ఆడునది ఆ కీర్తనలకే. కృష్ణాతీరపు ఆటకు కావేరి పాయ యొడ్డున పాట పుట్టినదన్నమాట!

కృష్ణాష్టమికి ఇచట జరుగు ఉట్టి పండుగను తమిళులు ఉరియడి యందురు. జారుడు మ్రాను ఎక్కు వేడుకయు నాడే. తల్లిదండ్రులు వీలుచేసికొని పిల్లలను ఆనాడు తోడ్కొని పోవలెను. అప్పటికి ఏటిలో నీరు కూడ ఉండవచ్చును.