చిక్కు ఒక్కటే కాదు

1939వ సంవత్సరం అక్టోబరు 1వ తేదీన విన్‌స్టన్ చర్చిల్ రేడియోలో ప్రసంగిస్తూ, రష్యా ఏమి చేయనున్నదో తాను ముందుగా చెప్పలేనన్నాడు. ఆ సందర్భంలో రిడిల్, మిస్టరీ, ఎనిగ్మా అనే మూడు మాటలను ఒకదానిలో ఒకటి పొదిగి రష్యాను వర్ణించాడు. ఆ మాటలను తెలుగు చేయమని మా విద్యార్థులకు ఏటేటా ఇస్తుంటాను. పెక్కుమంది మూడింటికీ 'రహస్యం' అనే వ్రాస్తారు. రహస్యంలో చుట్టిన రహస్యం, అదీ మరొక రహస్యంలో ఉన్నదట! తరగతి నవ్వుతుంది, నేనూ నవ్వుతాను. కాని ఆ నవ్వు వెనుక మన బోధనలోని లోపమొకటి దాగి ఉన్నది.

మనిషిని తికమకపెట్టే విషయాలకు ఇంగ్లీషులో పేర్లు చాలా ఉన్నవి. పైపైన చూస్తే అవి పర్యాయపదాలే. పుట్టుక విచారిస్తే ఒక్కొక్కటి ఒక్కొక్క జాతి చిక్కు.

రిడిల్ పాత ఇంగ్లీషు మాట. చదువుటను తెలిపే 'రీడ్'కు అది తోబుట్టువు. ఆ 'రీడ్'కు పూర్వం ఆలోచన చెప్పడమనీ, భావం విప్పడమనీ అర్థాలుండేవి. అడిగేవానికి జవాబు తెలుసు, వినేవాడు విప్పాలి. మన పొడుపుకథ సరిగా ఇదే. ఎనిగ్మా గ్రీకు మాట. భావాన్ని మరుగుపరచి పలకడం దాని మూలార్థం. దండి కావ్యాదర్శంలో పదహారు విధాలుగా చెప్పిన ప్రహేళిక దీనికి దగ్గరి చుట్టం. మిస్టరీ కూడ గ్రీకు మాటయే. మూసికొనుట అనే ధాతువునుండి వచ్చినది. దీక్ష పొందినవారు ఆ విషయమై పెదవి విప్పరాదు. మంత్రోపదేశంలోని గుట్టువలె అది తెలిసినవారు తెలిపితేనే తెలుస్తుంది.

ఇప్పుడు చర్చిల్ మాటలను మరల చూడండి. లోపల ఒక పొడుపుకథ. దానిచుట్టూ పెదవి విప్పని గుట్టు. ఆ రెండింటినీ కమ్మిన ప్రహేళిక. జవాబు లేక కాదు, తెలిసినవాడు నోరు మూసికొన్నందువల్ల వచ్చిన చిక్కు అది. అందుకే ఆయన వెంటనే, దీనికొక తాళపుచెవి ఉండవచ్చుననీ, అది రష్యా జాతీయ ప్రయోజనమేననీ అన్నాడు. మూడు చోట్లా 'రహస్యం' అని వ్రాసిన విద్యార్థికి ఆ తాళపుచెవి ఎందుకు వచ్చినదో తెలియదు.

పారడాక్స్ అంటే లోకుల అభిప్రాయానికి ఎదురుగా నిలిచేది. పైకి పొసగనట్లుండి లోతున పొసగే మన విరోధాభాసం దానికి సమీపం. కొనండ్రమ్ పుట్టుక నిఘంటుకారులకే అందలేదు. చిక్కుకు పెట్టిన పేరే చిక్కుగా మిగిలినది. డైలెమా అంటే రెండు ప్రతిపాదనలు. ఏది ఒప్పుకొన్నా తిప్పలు తప్పవు. బడి మొగం చూడని మన పల్లెవాడు కూడ 'కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం' అని దీని స్వరూపమంతా చెప్పగలడు.

ఇన్ని మాటలుండగా మనం నేడు అన్నింటికీ 'సమస్య' అనే అంటున్నాము. అవధానంలో పృచ్ఛకుడు పొసగని పాదమొకటి ఇస్తే, తక్కిన పాదాలు చేర్చి అవధాని దానిని పొసగించాలి. సమస్య అంటే అది! ఇంత నిర్దుష్టమైన మాటను వాడి వాడి అరగదీసినాము.

ఇది ఒట్టి మాటల పట్టింపు కాదు. కొన్నేండ్ల క్రిందట మా విద్యార్థి ఒకడు ఒక సాయంకాలం మా ఇంటికి వచ్చి, "నాకొక సమస్య వచ్చిందండీ, మాస్టారూ" అన్నాడు. దూరపు విశ్వవిద్యాలయంలో సీటు వచ్చినది. ఇంటివద్ద తండ్రి మంచం పట్టి ఉన్నాడు. చూచేవారు మరెవరూ లేరు. నేను పెన్సిలు తీసికొని రైలు ఖర్చు, భోజనం ఖర్చు, ఉపకారవేతనం లెక్క కట్టినాను. "సరిపోతుందోయ్, బయలుదేరు" అన్నాను. అతడు "చిత్తమండీ" అని నమస్కరించి వెళ్ళిపోయినాడు. చదువుకు వెళ్ళలేదు, మరల నా సలహాకూ రాలేదు. అతడు తెచ్చినది ధర్మసంకటం. నేను చేసినది లెక్క. లెక్కకు జవాబు ఉంటుంది. సంకటంలో ఒక దారి ఎంచుకొని, విడిచిన దారిని గురించిన బాధ మోయాలి. ఆ బాధ పంచుకొనేవారికోసం అతడు వచ్చినాడని నాకు ఆలస్యంగా తోచినది. తెలుగు పాఠం చెప్పే నాకే ఆ పూట ఆ తేడా తెలియలేదు.

చివరకు మరొక్క మాట: క్లూ. పూర్వం ఇంగ్లీషులో ఆ మాటకు నూలుండ అని అర్థం. గ్రీకు కథలో థీసియస్ చిక్కుదారుల భవనంలో ప్రవేశించి, అరియాడ్నే ఇచ్చిన నూలుండ దారం వెంట బయటపడినాడు. అందువల్లనే నేడు ఆచూకీకి ఆ పేరు. మన 'చిక్కు' కూడ నూలులో పడేదే. చిక్కు తీసే సాలెవాడు మొదట కొస ఎక్కడున్నదో వెదకుతాడు కాని, దారాన్ని పట్టి లాగడు.

కాబట్టి విద్యార్థి "సమస్య" అన్నప్పుడు, కాగితం మీద గాని, గుమ్మంలో నిలబడి గాని, "ఏ రకపు చిక్కు నాయనా?" అని ముందుగా అడుగుదాము.