పసివాడి ఊపిరికి ముందే కాపు

"జలుబే కదా అనుకున్నాం సార్, రాత్రి నుంచి డొక్కలు ఎగరేస్తున్నాడు."

వానలు పట్టింది మొదలు చలి తగ్గేదాకా పిల్లల డాక్టరుగా నేను తరచూ వినే మాట ఇది. చొక్కా పైకెత్తి చూస్తే, ఊపిరి తీసిన ప్రతిసారీ పక్కటెముకల కింద గుంట పడుతుంటుంది. ముక్కుపుటాలు ఎగురుతుంటాయి. ఛాతీలో పిల్లికూతలు. రొమ్ము అందిస్తే రెండు గుక్కలు తాగి, ఆయాసంతో వదిలేస్తాడు. ఏడాదిలోపు పిల్లల్లో ఈ అవస్థకు ముఖ్య కారణం రెస్పిరేటరీ సిన్సీషియల్ వైరస్. క్లుప్తంగా ఆర్‌ఎస్‌వీ.

రెండేళ్లు నిండేలోపు దాదాపు ప్రతి బిడ్డకూ ఇది ఒకసారైనా సోకుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు చాలావరకు జలుబుతో పోతుంది. పసివాళ్ల ఊపిరితిత్తుల్లోని చివరి గొట్టాలు మహా సన్నం. వాటి లోపలి పొర వాచి, రాలిన కణాలూ కఫమూ అడ్డుపడితే గాలి ఆడదు. 2019లో ప్రపంచంలో లక్ష మందికి పైగా అయిదేళ్లలోపు పిల్లలు ఈ వైరస్ వల్ల చనిపోయారని అంచనా. వాళ్లలో సగానికి కాస్త తక్కువ మంది ఆరు నెలలైనా నిండనివాళ్లు. నూటికి 95కు పైగా మరణాలు పేద, మధ్యాదాయ దేశాల్లోవే.

ఈ వైరస్ 1956లో అమెరికాలో జలుబు చేసిన చింపాంజీల్లో మొదట దొరికింది. మరుసటి ఏడాది రాబర్ట్ చానాక్ బృందం దాన్ని పసిపిల్లల్లో గుర్తించింది. పదేళ్లు తిరిగేసరికి, ఫార్మలిన్‌తో చంపిన వైరస్‌తో చేసిన టీకాను వాషింగ్టన్‌లో 31 మంది పసివాళ్లకు వేశారు. తర్వాత వాళ్లలో 20 మందికి వైరస్ సోకింది. 16 మంది ఆస్పత్రి పాలయ్యారు. ఇద్దరు చనిపోయారు. ఈ టీకా వేయని పిల్లల్లో వైరస్ సోకినా ఆస్పత్రిలో చేరాల్సి వచ్చింది నూటికి అయిదుగురికే.

ఆ పిల్లల రక్తంలో యాంటీబాడీలు లేక కాదు. ఉన్నాయి, వైరస్‌కు అతుక్కున్నాయి, కానీ దాన్ని ఆపలేకపోయాయి. పైగా రోగనిరోధక వ్యవస్థ పెడదారి పట్టి ఊపిరితిత్తుల్లో వాపును పెంచింది. ఈ విషాదం తర్వాత ఆర్‌ఎస్‌వీ టీకా పరిశోధన దశాబ్దాల పాటు వెనకబడింది.

2013లో జేసన్ మెక్‌లెల్లన్, పీటర్ క్వాంగ్, బార్నీ గ్రాహమ్ తదితరులు చిక్కుముడి విప్పారు. వైరస్ మన కణంలోకి దూరడానికి వాడేది దాని ఒంటి మీదుండే ఎఫ్ ప్రోటీన్. చుట్ట చుట్టుకున్న రోకలిబండ పురుగు ఒళ్లు విప్పి సాగినట్టు, కణంలోకి దూరే వేళ అది ఆకారం మార్చుకుంటుంది. పాత టీకాలో ఎక్కువగా ఉన్నది సాగిపోయిన రూపమే. వైరస్‌ను గట్టిగా అడ్డుకునే యాంటీబాడీలు పుట్టాలంటే చుట్టుకున్న రూపాన్నే శరీరానికి చూపించాలి. ఆ రూపం విప్పుకోకుండా నిలిపి ఉంచడం ఈ శాస్త్రవేత్తలు సాధించిన ఘనత.

దాని ఫలితం ఇప్పుడు చేతికందింది. గర్భిణికి చివరి నెలల్లో టీకా వేస్తే, ఆమెలో పుట్టిన యాంటీబాడీలు మాయ గుండా బిడ్డకు చేరతాయి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు ఆ వాటా సరిగా అందదు. అలాంటివాళ్లకు నిర్సెవిమాబ్ అనే సిద్ధంగా ఉన్న యాంటీబాడీనే ఇంజెక్షన్‌గా ఇవ్వవచ్చు. ఒక్క డోసు కనీసం అయిదు నెలలు కాస్తుంది. ఈ రెండింటిలో ఏదో ఒకటి అన్ని దేశాలూ అందించాలని 2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు చేసింది.

మన సార్వత్రిక టీకాల పట్టికలో మాత్రం ఇవింకా లేవు. చేర్చాలి. ఎక్కువగా పోతున్నది పేదింటి ప్రాణాలైనప్పుడు, రక్షణ డబ్బున్న వాళ్లకే పరిమితం కాకూడదు.

అంతవరకు తల్లిదండ్రులకు నా విన్నపం: జలుబున్నవాళ్లు ఎంత దగ్గరివాళ్లైనా చంటిబిడ్డను ముద్దాడనివ్వకండి. చేతులు కడుక్కునే ఎత్తుకోండి. వైరస్ మీద యాంటీబయాటిక్ పని చేయదు, మందుల షాపులో అడిగి తెచ్చి పట్టకండి. రెండు నెలల్లోపు బిడ్డ నిమిషానికి 60 సార్లు, ఏడాదిలోపు బిడ్డ 50 సార్లు లేదా అంతకు మించి ఊపిరి తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, పాలు మానేసినా తెల్లవారేదాకా ఆగకండి. వెంటనే ఆస్పత్రికి తీసుకురండి.