కంప్యూటర్ మందగమనం: కారణ నిర్ధారణ, నివారణ

అకస్మాత్తుగా మందగించిన కంప్యూటర్‌ను వెంటనే ఫార్మాట్ చేయించడం, తెగులును గుర్తించకుండా మందు పిచికారీ చేయడం వంటిది. హార్డ్ డిస్క్ చెడిపోయే దశలోనూ ఇదే లక్షణం కనిపిస్తుంది. అటువంటి డిస్క్ ఫార్మాట్‌తో బాగుపడదు, అందులోని సమాచారం మాత్రం పోతుంది. కావున క్షేత్ర ప్రయోగాల దత్తాంశాన్ని ముందుగా వేరొక డిస్క్‌లో భద్రపరచాలి.

విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో మూడు వినియోగ శాతాలను పరిశీలించాలి.

ప్రాసెసర్: వినియోగం అధికంగా ఉంటే అందుకు కారణమైన ప్రోగ్రామ్‌ను జాబితాలో గుర్తించి మూసివేయాలి.

మెమరీ: ఇది నిండినప్పుడు కంప్యూటర్ డిస్క్‌లో కొంత భాగాన్ని మెమరీగా వాడుకుంటుంది. డిస్క్ వేగం ఎన్నో రెట్లు తక్కువ కనుక పని కుంటుపడుతుంది. అనవసర ప్రోగ్రామ్‌లను మూసివేయాలి. సమస్య తరచుగా వస్తే ర్యామ్ పెంచాలి.

డిస్క్: అప్‌డేట్లు, వైరస్ తనిఖీ జరుగుతున్నప్పుడు వినియోగం తాత్కాలికంగా పెరగడం సహజం. అవేవీ లేకుండా 100 శాతం వద్దనే నిలిచిపోయి, ఫైళ్లు తెరవడంలో దోషాలు ఎదురైతే డిస్క్‌ను పరీక్షింపజేసి, అవసరమైతే మార్చాలి.

మూడూ తక్కువగా ఉన్నా మందగమనం కొనసాగితే వేడిమిని అనుమానించాలి. ఫ్యాన్‌లో దుమ్ము పేరుకుంటే వేడెక్కిన ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. ఒక్క ఎక్సెల్ ఫైలు మాత్రమే నెమ్మదిగా నడిస్తే, లోపం యంత్రానిది కాక ఆ ఫైలులోని సూత్రాలది కావచ్చు.

ఒకసారికి ఒక మార్పు మాత్రమే చేసి ఫలితాన్ని నమోదు చేయాలి. అప్పుడే అసలు కారణం తేలుతుంది.