వయోగణనము - జన్మదిన నిర్ణయము

"ఏండ్లెన్ని?" యను ప్రశ్నకు తెలుగువారు రెండు తీరుల బదులు చెప్పుదురు. "అఱువది నిండినవి" యనుట యొకటి. "అఱువదవ యేడు నడచుచున్నది" యనుట మఱియొకటి. వినుటకు రెండును సమీపముగ తోచునుగాని వీని నడుమ సంవత్సరమంత యంతరము కలుగవచ్చును. అఱువదవ యేడు ప్రవేశించునపుడు చేయునది ఉగ్రరథశాంతి. అఱువది నిండినపుడు చేయునది షష్టిపూర్తి. ఈ రెంటిని ఒక్కటిగా తలచుటచేతనే పెక్కిండ్లలో ముహూర్తము పెట్టించుకొనువేళ వివాదము పుట్టుచున్నది.

ఈ విషయమున వ్యాకరణశాస్త్రము తేటగా తీర్పు చెప్పుచున్నది. షష్టితమశబ్దము పూరణప్రత్యయాంతము. దేనిచేత అఱువది యను సంఖ్య పూరింపబడునో అది షష్టితమము. కావున షష్టితమవర్షము జరుగుచున్నంతకాలము అఱువది నిండలేదనియే యర్థము. మఱియు పాణిని మాసశబ్దముపై వయస్సను నర్థమున ప్రత్యయములను విధించి "మాస్య", "మాసీన" రూపములను సాధించెను. ఆ ప్రకరణమున భూతము, భావి మొదలగు నాలుగర్థములు అనువర్తించుచున్నను, వయస్సు చెప్పవలసినచోట భూతార్థమొక్కటియే సామర్థ్యముచేత నిలుచునని కాశిక నిర్ణయించినది. అనగా నెల గడచిన శిశువే మాస్యుడు. నెల నడచుచున్నవాడు కాడు. వయస్సనగా గతకాలమే యనుటకు ఇంతకంటె బలమైన సాక్ష్యము వలదు. వర్షశబ్దముకడ మఱియొక విశేషము కలదు. రెండేండ్ల బాలుడు ద్వివర్షుడు మాత్రమే. ద్వివార్షికము, ద్వివర్షీణము అనురూపములు వ్యాధి మొదలగు అచేతనములకే చెల్లును. 1951లో మొదలైన ప్రణాళికలకు "పంచవార్షిక" మను పేరు రూఢమైనది. రాబోవు అయిదేండ్లకు సంబంధించినది గనుక శాస్త్రమునుబట్టి "పాంచవర్షిక" మనవలసియుండెను. వార్షికరూపము భవిష్యదర్థమున కుదురదు. ఆ మాట యటుండనిండు.

గతకాలమే వయస్సని తేలినను, ఆ కాలమును ఏ మానముతో కొలువవలెనను ప్రశ్న మిగులుచున్నది. ఆంధ్రులకు చాంద్రమానము ప్రధానము. చాంద్రసంవత్సరము సుమారు 354 దినములు. సౌరసంవత్సరముకంటె పదునొకండు దినములు తక్కువ. ఈ కొఱత పేరుకొని యించుమించు ముప్పదిరెండు, ముప్పదిమూడు నెలల కొకపరి అధికమాసమగును. అందుచేత జన్మతిథి ఇంగ్లీషు తేదీకి ముందువెనుకల కదలుచుండును. పందొమ్మిదేండ్లలో 235 చాంద్రమాసములు దాదాపు సరిగా ఇముడును గనుక 19, 38, 57, 76 ఏండ్లు నిండునప్పుడు తిథియు తేదీయు మఱల ఒక్కచోటికి వచ్చును. ఒకటి రెండు దినముల తేడా యుండవచ్చును.

ఉదాహరణమునకు కృష్ణామండలముననే పుట్టి, బెజవాడ కళాశాలలో చిరకాలము అధ్యాపకులై యుండిన విశ్వనాథ సత్యనారాయణగారి జీవితకాలమును గణించి చూడవచ్చును. వారి జననము నందమూరు గ్రామమున 1895 సెప్టెంబరు 10వ తేదీ, మంగళవారము. మన్మథ సంవత్సర భాద్రపద బహుళపక్షము, పూర్ణిమ వెడలిన యాఱవనాడు. నిర్యాణము 1976 అక్టోబరు 18వ తేదీ. వయస్సు 81 సంవత్సరములు, 1 మాసము, 8 దినములు.

ఇట్లు వర్షమాసదినములుగా చెప్పుట వాడుకకు చాలునుగాని సూక్ష్మగణనకు చాలదు. ఇంగ్లీషు నెలలు సమానములు కావు. జనవరి 31న పుట్టిన శిశువునకు నెల యెప్పుడు నిండెనని యడిగినచో, ఫిబ్రవరిలో ఆ తేదీయే లేదు. కావున దినసంఖ్యయే నిస్సంశయము. ఎనుబదియొక్క సంవత్సరములను 365చే గుణింప 29,565. నడుమ వచ్చిన ఫిబ్రవరి 29లు 1896 మొదలు 1976 వఱకు ఇరువది. 1900 నాలుగుచే భాగింపబడినను ఆ సంవత్సరమున ఆ దినము లేదు. పిమ్మట సెప్టెంబరు 10 నుండి అక్టోబరు 18 వఱకు 38. మొత్తము 29,623 దినములు. దీనిని ఏడుచే భాగింప శేషము ఆఱు. మంగళవారమునకు ఆఱు కలుప సోమవారము. 1976 అక్టోబరు 18 సోమవారమే. గణన సరియా తప్పా యని తెలిసికొనుటకు ఈ వారపరీక్ష మిక్కిలి సులభము. పాఠశాలలలో బాలురచేత చేయింపదగినది.

ఇక షష్టిపూర్తి. మన్మథ సంవత్సరము మఱల 1955లో వచ్చినది. తేదీ ప్రకారము సెప్టెంబరు 10న అఱువదియేండ్లు నిండినవి. కాని ఆ యేట భాద్రపదము అధికమాసము. జన్మతిథిని నిజమాసముననే గ్రహింపవలెను గనుక నిజభాద్రపద బహుళమున ఆ తిథి అక్టోబరు 7వ తేదీ ప్రాంతమున పడినది. ఒక్క మనుష్యునకే యఱువది నిండుటలో రెండు మానములకు నడుమ ఇరువదియేడు దినముల యంతరము! ఇందు ఏదియు తప్పు కాదు. సంవత్సరనామము పునరావృత్తమగుటయే షష్టిపూర్తికి జీవము గనుక ఆ కర్మకు తిథియే ప్రమాణము. కచేరీకి తేదీయే ప్రమాణము.

సహస్రచంద్రదర్శనశాంతి విషయమున జరుగు పొరపాటు మఱింత పెద్దది. వేయి పూర్ణిమలకు సుమారు 29,530 దినములు, అనగా ఎనుబదియేండ్ల పదినెలలకు పైగా పట్టును. ఎనుబదవ యేడు ప్రవేశింపగనే ఈ శాంతి చేయువారు కలరు. అప్పటికి గడచినవి 977 పున్నములే. ఎనుబది నిండినపుడు చేసినను ఇంకను పది పదునొకండు కొఱతవడును. సత్యనారాయణగారు పుట్టిన పిదప వచ్చిన తొలి పున్నమ 1895 ఆశ్వయుజ పూర్ణిమ. అది మొదలుగా లెక్కింప వేయవది 1976 జులై 11వ తేదీనాటి ఆషాఢ పూర్ణిమ, అది వ్యాసపూర్ణిమ. రామాయణ కల్పవృక్షమునకు 1970 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారమందిన కవికి వేయవ చంద్రుడు వ్యాసపూర్ణిమనాడుదయించుట ముచ్చట గొలుపు యాదృచ్ఛికము. పిమ్మట మూడు పున్నములు మాత్రమే వారి కాలమున వచ్చినవి.

ఇట్టి సంవత్సరనామములు చరిత్రకారునకును మిక్కిలి ఉపకరించును. పింగళి వెంకయ్యగారి జన్మసంవత్సరము 1876 అనియు 1878 అనియు రెండు విధముల వ్రాతలలో కానవచ్చుచున్నది. ఆగస్టు మాసమున మొదటిది ధాతయు, రెండవది బహుధాన్యయు నగును. అంకె వ్రాయుటలో ఆఱు ఎనిమిదిగా మాఱుట సులభము. ధాత బహుధాన్యగా మాఱుట కష్టము. సంవత్సరనామమునకు అఱువదియేండ్ల సందేహమున్నను రెండేండ్ల సందేహముండదు. కావున పాత జాతకపత్రము దొరకినచోట దానిని త్రోసివేయక తేదీతో సరిచూడవలెను. జాతకపత్రముననున్న దినము సూర్యోదయము మొదలు సూర్యోదయము వఱకు. తేదీ అర్ధరాత్రమున మాఱును. మంగళవారము రాత్రి తెల్లవాఱుటకు ముందు మూడుగంటలకు పుట్టినవానికి పంచాంగమున మంగళవారము, రిజిస్టరున బుధవారము. ఇందొకటి తప్పని యెంచి దిద్దినవారే అసలు తప్పు చేసినవారు.

శాసనధర్మము జన్మదినమును వేఱొక తీరున చూచుచున్నది. 1875 నాటి భారత ప్రాప్తవయస్కతా చట్టము ప్రకారము జన్మదినము ఏ గడియను పుట్టినను పూర్ణదినముగ చేరును. పదునెనిమిదవ వార్షికదినము ఆరంభమగుటతోడనే ప్రాప్తవయస్సు కలుగును. కేంద్రప్రభుత్వోద్యోగులలో నెల మొదటి తేదీని పుట్టినవారు వెనుకటి నెల చివరిదినముననే విరమించుటయు ఇట్టి గణన ఫలమే. ఫిబ్రవరి 29న పుట్టినవారి స్థితి అధికమాసమున పుట్టినవారిని పోలినది. 1896లో ఆ తేదీని పుట్టిన మొరార్జీ దేశాయిగారికి 1900లో ఆ దినము లేమిచేత మఱల జన్మతేదీ 1904లోగాని రాలేదు. అధికమాసజాతునకు మాత్రము మనవారు ఇంత నిరీక్షణము పెట్టలేదు. అదే పేరుగల నిజమాసమున ఏటేట తిథి జరుపుకొనుమనిరి.

జన్మకాలమును గడియలతో గణించువారు మఱియొకటి గమనింపవలెను. భారత ప్రామాణిక కాలము 1906 జనవరి 1న అమలులోనికి వచ్చినది. అది 82½ అంశముల తూర్పు రేఖాంశమునకు చెందినది. విజయవాడ స్థానికకాలము దానికి ఏడు నిమిషములకు మించి వెనుక. అంతకు పూర్వము రైళ్లలో వాడినది మదరాసు కాలము. అది ప్రామాణిక కాలమునకు తొమ్మిది నిమిషములు వెనుక. 1906కు ముందటి గడియారపు వేళ జాతకమున కనబడినచో అది ఏ కాలమో విచారింపక లగ్నము కట్టరాదు.