ఒక్క వోల్టుతో నెట్టుకురాగలరా?

బ్రాంచి ఈసీఈ, చూపు సాఫ్ట్‌వేర్‌ వైపు. కొత్తగూడెం, ఖమ్మం, భద్రాచలం ప్రాంతాల్లో ఇంజినీరింగ్‌ చదువుతున్న మీదీ ఇదే పరిస్థితా? అయితే దారి మార్చుకునే ముందు ఈ చిన్న లెక్క చేసి చూడండి. అనలాగ్‌ చిప్‌ డిజైన్‌ మీకు నప్పుతుందో లేదో తెలిసిపోతుంది.

లెక్క ఇదీ

ఏజెన్సీలో ఓ వాగు ఒడ్డున నీటిమట్టం కొలిచే సెన్సర్‌ ఉందనుకోండి. దానికి ఒకే పెన్సిల్‌ సెల్‌ ఆధారం. కొత్తలో 1.5 వోల్టులు ఉన్నా, వాడేకొద్దీ 1 వోల్టుకు పడిపోతుంది. సెన్సర్‌ పంపే బలహీనమైన సిగ్నల్‌ను పెంచే యాంప్లిఫయర్‌ అప్పుడూ పనిచేయాల్సిందే.

ట్రాన్సిస్టర్‌ థ్రెషోల్డ్‌ 0.45, ఓవర్‌డ్రైవ్‌ 0.15 వోల్టులు అనుకుందాం. గేటు, సోర్సు మధ్య 0.6 కావాలి. కింద ఉన్న కరెంట్‌ సోర్సుకు మరో 0.15. అంటే ఎన్‌మాస్‌ జత పనిచేయాలంటే ఇన్‌పుట్‌ కనీసం 0.75 ఉండాలి. పీమాస్‌ జతకైతే 0.25 దాటకూడదు. మరి ఈ రెండింటి మధ్య? రెండు జతలూ పనిచేయవు!

ఇంటర్వ్యూలో ‘ఇప్పుడేం చేస్తారు?’ అని అడిగితే మీ దగ్గర జవాబుండాలి. ఇన్‌పుట్‌ను 0.8 దగ్గర నిలపడం ఒక దారి. ట్రాన్సిస్టర్‌ను థ్రెషోల్డ్‌ కంటే దిగువన నడిపితే కరెంటు ఆదా, కానీ వేగం తగ్గుతుంది. సిగ్నల్‌ను బాడీ టెర్మినల్‌ నుంచి ఇస్తే థ్రెషోల్డ్‌ అడ్డు తొలగుతుంది, కానీ గెయిన్‌ పడిపోతుంది, నాయిస్‌ పెరుగుతుంది. ఏది వదులుకున్నారో, ఎందుకో చెప్పగలగడమే ఈ ఉద్యోగానికి అసలు అర్హత.

ల్యాబ్‌ లేకపోతే?

మామూలు ల్యాప్‌టాప్‌ చాలు. ఎక్స్‌స్కీమ్‌, ఎన్‌జీస్పైస్‌ ఉచితం. గూగుల్‌తో కలిసి స్కైవాటర్‌ సంస్థ 2020లో తన 130 నానోమీటర్ల డిజైన్‌ కిట్‌ను అందరికీ అందుబాటులోకి తెచ్చింది. పాఠాలకు ఎన్‌పీటెల్‌ ఉంది. 85,000 మందికి శిక్షణ లక్ష్యంగా కేంద్రం 2022లో ‘చిప్స్‌ టు స్టార్టప్‌’ ప్రారంభించింది. అందులో మీ కాలేజీ ఉందేమో విభాగాధిపతిని అడగండి.

ఒక్క మాట. డిజిటల్‌తో పోలిస్తే అనలాగ్‌లో ఫ్రెషర్లకు అవకాశాలు తక్కువ. చాలాచోట్ల ఎంటెక్‌ అడుగుతారు. కాబట్టి గేట్‌ రాయండి. పక్కనే వరంగల్‌ ఎన్‌ఐటీలో వీఎల్‌ఎస్‌ఐ ఎంటెక్‌ ఉంది.

రెజ్యూమెలో ‘కోర్సు పూర్తిచేశాను’ అని రాస్తే సరిపోదు. ఒక్క వోల్టుతో మీ యాంప్లిఫయర్‌ ఇచ్చిన గెయిన్‌ ఎంత, ఫేజ్‌ మార్జిన్‌ ఎంత, తీసుకున్న కరెంట్‌ ఎంత? ఆ మూడు అంకెలు రాయండి. ఇంటర్వ్యూలో ప్రశ్నలు అక్కడి నుంచే మొదలవుతాయి.